అత్తలను వదలని అమ్మమ్మ

విదేశీ సంస్థ నడిపే పోషణ కేంద్రంలో మా అమ్మమ్మ గర్భిణులకు వడ్డిస్తుంది. మనిషి మూరెడు, పగ బారెడు. తొలిచూలులో ఆమెకు అత్తగారు అందరూ తిన్నాక మిగిలిందే పెట్టేదట. ఆ బిడ్డ దక్కలేదు. ఆ అత్తగారు ఎప్పుడో పోయినా అమ్మమ్మ వదల్లేదు, ఊళ్ళో అత్తలందరిలోనూ ఆమెనే వెతుక్కుంటుంది. పిండి పొట్లాలు ఇంటికివ్వమని ఆఫీసర్లు చెప్పినా వినదు. జావ కాచి, తన కళ్ళెదుటే తాగిస్తుంది. మొన్న ఒకావిడ సంచీతో దిగింది.

"మా కోడలికి తీరిక లేదు, దాని పొట్లం నాకివ్వమ్మా."

"కడుపు దానిదీ, తిండి నీదీనా వదినా? వెళ్ళి పిలుచుకురా!"

ఆవిడ సణుక్కుంటూ వెళ్ళి కోడల్ని తెచ్చింది. పుల్లలాంటి పిల్ల, పొట్ట ఒక్కటే కనిపిస్తోంది. అమ్మమ్మ పెట్టిన గుడ్లు, జావ వంక చూసి, అత్త వంక చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆవిణ్ణి చూస్తావేం? ఇక్కడ అత్తని నేను. తిను!"

పిల్ల గిన్నె ఖాళీ చేసి, "ఇంకొంచెం" అని గొణిగింది. అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. గరిటె తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది.

"నువ్వే వడ్డించు వదినా. అది చాలనేదాకా చెయ్యి ఆపావో, చూడు!"

ఆ పిల్ల ఎంతకీ చాలనలేదు.