ఆ రోజు అలలు పెరగలేదు

టెంటులో ఏసీ ఏంటండీ బాబూ! మా బావమరిది ఫోనులో ఫోటోలు చూపించి, "దీన్ని గ్లాంపింగ్ అంటారు బావగారూ. గుడారమే గానీ లోపల మంచం, ఏసీ, వేడినీళ్లు అన్నీ ఉంటాయి" అన్నాడు. అవన్నీ మనింట్లో ఉన్నాయి కదా, మళ్లీ గుడారం ఎందుకన్నాను. "మీకు చెప్పినా ఒకటే, మీ కొట్టు ముందు చీర కట్టిన బొమ్మకి చెప్పినా ఒకటే" అన్నాడు. మాది రాజమండ్రిలో బట్టల కొట్టు. మా ఆవిడ పడీపడీ నవ్వింది.

వాడి వెటకారం గురించి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. పన్నెండేళ్ల కిందట ఓ పెళ్లిలో, మాటల్లో పడి, నేను పూతరేకుని చుట్టిన కాగితంతో సహా నమిలేశాను. ఇప్పటికీ ఏ విందులో కూర్చున్నా వాడు నా విస్తట్లో ఓ కాగితం ముక్క పెట్టించి, "బావగారికి ఇష్టమండి, మొహమాటపడతారు" అంటాడు. మా గోదావరి జిల్లాల్లో మనిషి జ్వరానికి భయపడడు, వెటకారానికి భయపడతాడు. నేను మరీనూ.

సరే, ముగ్గురం వెళ్లాం. తుని దగ్గర హైవే దిగి సముద్రం వైపు చాలా దూరం పోతే ఆ క్యాంపు. అబద్ధమెందుకు, బాగానే ఉంది. ఒడ్డు పొడుగునా నల్లరాళ్లు, వాటి మీద ఎర్రమట్టి గట్టు, గట్టు చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొస. మర్నాడు పొద్దున్నే టిఫిన్లు తినేసి ఆ కొస దాకా నడిచి రావాలన్నారు. మాది చదునైన నేల. ఎత్తు అంటే మాకు కాలవగట్టు, కాదంటే మేడ మెట్లు. పైగా రోజంతా కొట్లో పరుపు మీద కూర్చునే ఒళ్లు నాది.

మాతో వచ్చిన గైడుకి నలభై ఐదేళ్లుంటాయి. దగ్గర్లోని పేటలోనే ఇల్లు. పదిహేనేళ్లు గుజరాత్‌లో పెద్ద బోట్ల మీద చేపల వేటకి వెళ్లాడట. ఏడాదికోసారి ఇంటికొస్తే కూతురు ఎవరో అనుకుని లోపలికి పారిపోయేదట. "ఈ క్యాంపు పెట్టాక ఇక్కడే ఉంటున్నానండి. ఇప్పుడు దాని జడ కూడా నేనే వేస్తున్నాను. వంకరగా వేస్తానని తిడుతుందనుకోండి" అని నవ్వాడు.

సగం గట్టు ఎక్కేసరికి నాకు ఊపిరి అందలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఎడమ చెయ్యి లాగుతోంది. మా వాళ్లిద్దరూ చాలా ముందున్నారు. గైడు వెనక్కొచ్చి, "ఏంటి సార్, చెమటలు కారిపోతున్నాయి?" అన్నాడు.

"నాకు బాలేదని వాళ్లకి చెప్పకండి. మీరే ఏదో ఒకటి చెప్పి వెనక్కి తిప్పెయ్యండి" అన్నాను.

"అదేంటండి, బాలేకపోతే చెప్పాలి కదండి."

"మా బావమరిది సంగతి మీకు తెలీదు. చచ్చేదాకా ఆడుకుంటాడు."

అతను నా మొహంలోకి ఓసారి చూశాడు. "ఆయ్, సరేనండి" అని, ముందుకి కేకేశాడు. "అలలు పెరిగాయండీ! కొస దగ్గర రాళ్లు జారతాయి, వచ్చెయ్యండి!"

సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. దిగేటప్పుడు ఇంకో గుంపు మాకెదురుగా ఎక్కుతూ కనపడింది. "వాళ్లకి లేవా అలలు?" అని మా బావమరిది నిలదీశాడు. గైడు తలదించుకుని నా సంచీ కూడా తనే మోస్తూ నడిచాడు. నేను నోరు మెదపలేదు. క్యాంపు దగ్గర నన్ను పక్కకి పిలిచి, "డాక్టరు గారికి చూపించుకోండి సార్. నిర్లక్ష్యం చెయ్యకండి" అన్నాడు. మజ్జిగ తాగి పడుకుంటే నెమ్మదించింది. గ్యాసే అనుకున్నాను.

ఇంటికొచ్చాక మా బావమరిది ఫోను తీసి రివ్యూ రాశాడు. "గైడు గారికి సముద్రం అంటే భయం. ఎండ ముదరక ముందే ఇంటికి పోదామని మమ్మల్ని సగంలో తిప్పేశారు." పైకి చదివి వినిపించాడు. అప్పుడైనా ఆపొచ్చు కదా నేను? ఆపలేదు. పైగా, "ఆయనకి ఓ లైఫ్ జాకెట్ కొనిపెట్టమని రాయి" అన్నాను. ఆ మాట నాదే. వాడు తొడ చరుచుకుని, "బావగారూ, ఇన్నాళ్లకి మీరు మనుషుల్లో పడ్డారు" అన్నాడు. సిగ్గులేకుండా సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నెల తర్వాత కొట్టుకొచ్చే ఓ మాస్టారు అదే క్యాంపుకి వెళ్లొచ్చి, "మీ బావమరిది రివ్యూ రాసిన ఆ గైడుని తీసేశారటండి. జనమంతా లైఫ్ జాకెట్ అని ఒకటే నవ్వులట. ఓనరు పిలిచి అడిగితే కూడా అతను ఏమీ చెప్పలేదట" అన్నారు. చేతిలో చీర మడత పెట్టలేకపోయాను. ఒక్క మాట చెప్పుకుంటే అతని ఉద్యోగం నిలిచేది. ఆ మాట అతను చెప్పలేదు, నేనూ చెప్పలేదు. సాయంత్రం చెబుదాం, ఆదివారం చెబుదాం అనుకుంటూ ఇంకో రెండు నెలలు నాన్చాను. ఇంతకంటే పిరికితనం ఉంటుందా?

చివరికి నోరు విప్పించింది డాక్టరు. ఓ రోజు కొట్లో కూలబడిపోతే కాకినాడ తీసుకెళ్లారు. గుండెలో రక్తనాళం పూడుకుపోయిందన్నారు, స్టెంట్ వేశారు. "ఇదివరకెప్పుడైనా ఇలా వచ్చిందా?" అని డాక్టరు అడిగితే, మా ఆవిడ, బావమరిది చూస్తుండగా మొత్తం చెప్పేశాను. వాడు ఏదో ఒకటి అంటాడని చూశాను. కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఫోను తీసి ఆ రివ్యూ చెరిపేశాడు.

నడవగలిగాక ముగ్గురం క్యాంపుకి వెళ్లాం. ఓనరు అంతా విని, "అయ్యో, మంచి మనిషండి. కానీ ఇప్పుడు వేరే ఆయన్ని పెట్టుకున్నాం కదండి" అన్నాడు. అక్కణ్నుంచి దారి అడుగుతూ పేటలో గైడు ఇంటికి చేరాం. అతని భార్య కుర్చీలు వేసింది. ఆయన మళ్లీ గుజరాత్ వెళ్లిపోయారంది. నేనెవరో చెప్పడానికి మొహం చెల్లలేదు. "ఆయన నాకు చాలా సాయం చేశారమ్మా, ఓసారి మాట్లాడాలి" అన్నాను. ఇవాళ బోటు రేవులోనే ఉందని ఫోను కలిపి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చింది.

నా గొంతు వినగానే గుర్తుపట్టాడు. "సార్! డాక్టరు గారికి చూపించుకున్నారా?" అన్నాడు. చూపించుకున్నానన్నాను.

"హమ్మయ్య." గొంతు తగ్గించాడు. "మీ వాళ్లు పక్కనున్నారాండి? ఉంటే ఏం మాట్లాడకండి. ఎవరడిగినా అలలు పెరిగాయనే చెప్పండి. నేనూ ఎవరికీ వేరే చెప్పలేదు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గైడు భార్య మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది.

"చెప్పేశానండి" అన్నాను. "ఇంట్లో చెప్పాను, మీ ఓనరుకీ చెప్పాను. తప్పంతా నాదేనని."

"అయ్యో" అన్నాడు. "నేను ఇంత దూరం వచ్చేశాక చెప్పారేంటండి."