అసలు ప్రతి

మిమ్మల్ని నమ్మి నోరు విప్పిన మనిషి పేరు మీరెక్కడ దాచారు? కంప్యూటర్‌లోనా? దానికి తాళముందా?

తొంభైల్లో, కరీంనగర్‌లోని మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిన కొత్త. పెద్దపల్లి వైపు ఒక ఊళ్లో, బాణామతి అనే చేతబడి చేశాడని, ఇక మంత్రం పలకకుండా ఒక ముసలాయన పళ్లు ఊడబెరికారు. అది కళ్లారా చూసిన ఒక కూలితల్లి, మూఢనమ్మకాల మీద ఊరూరా పోరాడే నాకు అంతా చెప్పింది. "నా పేరు బయటవడ్డదంటే రేపు నా పండ్లు పీకుతరు సారూ" అంది. కోర్టుకు పేరు కావాలి కనుక పేరుతోనే టైపు చేశాను. తర్వాత ఒక మిత్రుడిచ్చిన ప్రోగ్రాంతో ఆ ఫైలుకు తాళం వేశాను. సంకేతపదం తెలియనివాళ్లకు తెరమీద పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ఇక భయం లేదనుకున్నాను.

దసరా సాయంత్రం ఆ ఊరి పటేల్ జమ్మి ఆకు పట్టుకొని వచ్చాడు. పళ్లు పీకించింది అతనే. జమ్మి తెచ్చినవాణ్ణి, పగవాడైనా సరే, గుమ్మంలో ఆపడం మా దగ్గర లేదు. దేవుణ్ణి కాదన్న నేనూ ఆ మర్యాదను కాదనలేకపోయాను. వెంట తమ్ముడు, పట్నంలో కంప్యూటర్ నేర్చుకున్నవాడు.

"పండుగపూట మిషిన్‌కు బొట్టన్న పెట్టకపోతివి సారూ! దేవుడు లేడంటవ్, మరి దీంట్ల ఏం దాస్తున్నవ్?" అని పటేల్ నవ్వాడు.

తమ్ముడు అడక్కుండానే కుర్చీలో కూర్చుని, జాబితాలో వాళ్ల ఊరి పేరుతో ఉన్న ఆ ఫైలు తెరిచాడు. తెరనిండా పిచ్చి గుర్తులు.

"గిదేం రాతనే అన్నా? ఒక్క అక్షరం సక్కగ లేదు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ ప్రోగ్రాం చేసింది తాళం వేసిన నకలు మాత్రమే. అసలు ఫైలు జాబితాలో దాని కిందే, తాళం లేకుండా ఉంది. నేను చెరపలేదు. అతని వేలు కింది ఫైలు తెరిచే మీట మీద ఉంది. ఆ తల్లి నోరే కళ్లముందు కదిలింది.

పటేల్ తెరలోకి తొంగిచూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"మంత్రాలురా గవి! ముట్టకు, లెవ్వు!"

తమ్ముడి రెక్క పట్టి లాక్కుపోయాడు. జమ్మి ఆకు నేలమీద పడిపోయింది.

ఏ మూఢత్వం మీద జీవితమంతా పోట్లాడానో, ఆ రోజు ఆమెను కాచింది అదే. నా తెలివి కాదు. తలుపు వేసి, అసలు ఫైలు చెరిపాను.

మీ ఇంటికొచ్చేవాడు మంత్రాలకు భయపడతాడన్న హామీ ఏమీ లేదు. లేవండి. తాళం వేయండి. వేశాక అసలు ప్రతిని వెతికి చెరపండి. ఇప్పుడే.