ఉప్పద్దిన నేరేడుపండు, ఒక సీసా వైన్

మా స్నేహితుల గుంపులో నెలకో ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో భోజనం. భోజనంతో పాటు రెడ్ వైన్. వైన్ తెచ్చేది ఎప్పుడూ అన్నయ్యే. సొంత అన్నయ్య కాదు, మా ఆయనతో కలిసి బ్యాంకులో పనిచేసే ఆయన. సెరంగూన్‌లో కాండో, అంటే ఈతకొలనూ అవీ ఉండే ఖరీదైన ఫ్లాటు, వైన్ మీద ఏదో కోర్సు కూడా చేశాడు. గ్లాసు గిరగిరా తిప్పుతాడు, ముక్కు అందులో పెడతాడు, కళ్ళు మూసుకుని ఏవేవో పళ్ళ పేర్లు చెబుతాడు. నేనా, ఇంటర్ తప్పి, పెళ్ళయి ఈ పరాయి దేశానికొచ్చి, పాయా లేబర్‌లో బేకరీ కౌంటర్ దగ్గర నిలబడేదాన్ని. ఆ పళ్ళలో సగం నేను జన్మలో తినలేదు. అయినా అన్నిటికీ తల ఊపేదాన్ని.

మొదటిసారి అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు గిన్నెడు గోంగూర మాంసం పట్టుకెళ్ళాను. గుంటూరు కారం, మా అమ్మ వేసినట్టే వేశాను. అందరూ ఓ ముద్ద తిని, ఓ గుక్క వైన్ తాగారు. అంతే, నోట్లో నిప్పంటుకున్నట్టయింది. అన్నయ్య వాళ్ళావిడ, మా వదిన, నీళ్ళ కోసం వంటింట్లోకి పరుగెత్తింది.

“చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. మన కూరలకీ రెడ్ వైన్‌కీ పడదు. దీనికి చీజ్, ఆలివ్స్, అంతే,” అన్నాడు అన్నయ్య.

“నెక్స్ట్ టైమ్ నుంచి నువ్వు చిప్స్ తెచ్చెయ్, హాయిగా,” అంది వదిన. మంచి మనసుతోనే అంది. అందుకే ఇంకా గుచ్చుకుంది.

గిన్నె నిండుగానే వెనక్కొచ్చింది. సెంగ్‌కాంగ్‌లో మా ఇంటి దాకా ట్రైన్‌లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఏదో జోకేశాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాతి నెల మా వంతు. “పిజ్జా ఆర్డర్ చేద్దామే, గొడవుండదు,” అన్నాడు మా ఆయన.

“నా ఇంటికొచ్చినోళ్ళు నా వంట తినకుండా పోతారా బావా? ఇక నేనెందుకు, ఆ పిజ్జా అబ్బాయినే కూర్చోబెట్టు టేబుల్ దగ్గర!”

అన్నాను గానీ, లోపల భయమే. మళ్ళీ గ్లాసులు పక్కన పెట్టేస్తే ఇక ఈ జన్మకి చిప్సే.

అన్నయ్య తెచ్చే రకమే, షిరాజ్ అని, ఒక సీసా కొన్నాను. పని నుంచి రాగానే వంటింట్లో నిలబడి, ఒక్కో పదార్థం నోట్లో వేసుకుని పైన ఒక చెంచాడు వైన్ తాగి చూశాను. ఆవకాయతో మంట. పెరుగుతో ఛీ, ఆ రుచి చెప్పను. మూడో రోజు ఏమీ తినకుండా ఉత్తగా తాగాను. నాలుక పిడచగట్టుకుపోయింది, బుగ్గలు లోపలికి లాక్కున్నాయి. ఇదెక్కడో తెలిసిన రుచే అనిపించింది. ఎక్కడబ్బా?

నేరేడుపండు! మా బడి గేటు దగ్గర ఒకామె బుట్టలో అమ్మేది. పొట్లంలో పళ్ళేసి, పైన ఉప్పు చల్లి, గలగలా ఊపి ఇచ్చేది. ఉప్పు లేకపోతే ఒకటే వగరు. ఉప్పు తగిలిందంటే తీపి బయటికొచ్చేది. ఇది మా ఊళ్ళో పాలుతాగే పిల్లకి తప్ప అందరికీ తెలుసు.

నాలుక మీద నాలుగు ఉప్పుకళ్ళు వేసుకుని మళ్ళీ తాగాను. ఎవరో సీసా మార్చేసినట్టుంది! వంటింట్లో ఒక్కదాన్నే చిన్న గెంతు గెంతాను.

ఆదివారం పొద్దున్నే వేట మాంసం వేపుడు మొదలెట్టాను. కారం పేరుకి వేశాను. ఉప్పు కాస్త ఎక్కువ, కొవ్వు ముక్కలు తీయకుండా, దించేముందు ఒక గరిటెడు నెయ్యి. మా ఆయన మూత తీసి చూశాడు.

“ఎర్రగా లేదేంటే? గుంటూరోళ్ళకి తెలిస్తే నిన్ను ఊళ్ళోకి రానివ్వరు.”

“నువ్వు చెప్పకు, తెలీదు.”

అన్నయ్యా వదినా వచ్చారు. ఒక చేతిలో వైన్, ఇంకో చేతిలో డబ్బా. “చీజ్‌లే చెల్లెమ్మా, సేఫ్టీకి,” అన్నాడు. నా మొహం మాడింది, అయినా తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టాను. మా పక్క ఫ్లాట్ ఆంటీని కూడా పిలిచాను. ఆవిడ మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ, ఏదైనా మొహం మీదే చెబుతుంది.

“ముందు ముక్క బాగా నమిలి తినండి. తర్వాతే తాగండి,” అన్నాను వడ్డిస్తూ.

అన్నయ్య తిన్నాడు. తాగాడు. ఆగిపోయాడు. గ్లాసు తిప్పలేదు, ముక్కు పెట్టలేదు. సీసా అందుకుని దాని మీద కాగితం చదివాడు.

“వైన్ మార్చావా చెల్లెమ్మా?”

“మీరు తెచ్చిందే అన్నయ్యా. మీ చేత్తోనే కదా మూత తీశారు?”

“మరి ఆ టానిన్ ఏమైంది?”

“అంటే?”

“అదే... నాలుక ఎండిపోయినట్టుంటుందే...”

“వగరు అనండి! నేరేడుపళ్ళకి ఉప్పు చల్లితే పోతుంది కదా, అలాగే పోయింది.”

ఆయన సీసా కింద పెట్టాడు. “అంత కోర్సు చేశాను, నేరేడుపండు మాట ఒక్కడూ ఎత్తలేదు.”

“కోర్సుకి ఈ అమ్మాయిని పంపాల్సింది లా!” అంది ఆంటీ, మాట చివర తన మలేషియా ‘లా’ తగిలించి, ఎముక వదలకుండానే. “ఇంకా పెట్టు మా. మాటలు తర్వాత, మకాన్ ముందు, తిండి!”

వదిన మూడోసారి వడ్డించుకుంది. గిన్నె అడుగున అంటుకున్న మసాలా కోసం మా ఆయనా అన్నయ్యా గరిటె లాక్కున్నారు. ఖాళీ గిన్నె చూడటం ఇంత బావుంటుందని నాకు తెలీదు.

వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ వదిన అంది, “నెక్స్ట్ మంత్ మా ఇంట్లో. ఈ వేపుడు నువ్వే తేవాలి, చెప్తున్నా.”

“తెస్తా వదినా. వైన్ కూడా ఈసారి నేనే తెస్తా.”

అన్నయ్య గట్టిగా నవ్వి చేతులు జోడించాడు. వాళ్ళు లిఫ్ట్ దాకా వెళ్ళాక గుర్తొచ్చి, ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసుకుని పరుగెత్తాను.

“అన్నయ్యా! మీ చీజ్!”

సీలు కూడా తీయలేదు.