వియన్నాలో నావి అనుకున్న మూడు చోట్లు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివాక "పాపం, దీనికి మతి పోయింది" అని సంతోషపడేవాళ్ళు నారాయణఖేడ్‌లో నాకు తక్కువేం లేరు. మాది చర్చికి పోయే ఇల్లు. నేను నర్సును. చనిపోయినవాళ్ళ కళ్ళు మూసి, ఒళ్ళు తుడిచి, చేతులు కడుక్కొని అన్నం తిన్నదాన్ని. ఒక్క శవం కూడా లేచి నన్ను పలకరించలేదు.

నన్ను భయపెట్టింది బతికున్న మనిషి. మా అత్తమ్మ.

వియన్నాలో ఒక వృద్ధాశ్రమంలో నా ఉద్యోగం. సెలవులకు ఖేడ్ వస్తే అందరూ అడిగేది ఒకటే, అక్కడ ఏం తినాలి, ఏం కొనాలి, ఏం చూడాలి అని. రాజమహళ్ళు, సంగీతం అని ఏదో చెప్పి తప్పించుకుంటాను. నిజంగా నాకు ప్రాణమైన చోట్లు మూడే మూడు. వాటి సంగతి ఎవరికీ చెప్పలేదు, ఫోటో తీయలేదు, స్టేటస్ పెట్టలేదు. మా ఆయన డేవిడ్‌కు కూడా తెలియనివ్వలేదు. పెళ్ళయినప్పటినుంచి నా పెట్టె, నా పర్సు, నా ఫోను అన్నీ అత్తమ్మ చేతిలో నలిగినవే. ఆమె చెయ్యి పడనివి ఈ మూడైనా ఉండనీ అనుకున్నాను.

శనివారం నాకు సెలవు. పొద్దున్నే ప్రాటర్ అనే పెద్ద పార్కుకు పోతాను. అక్కడి జెయింట్ వీల్ వెనక ఒక బండి మీద లాంగోష్ అమ్ముతారు. చేటంత పూరీ అనుకోండి. వేడివేడిగా నూనెలోంచి తీసి, కుంచెతో వెల్లుల్లి నీళ్ళు పూసి ఇస్తారు. ఆ ఘాటుకు ముక్కులు వదిలిపోతాయి. ఆ దేశంలో కారం లేని తిండి తిని చచ్చిపోయిన నాలుక ఆ ఒక్కరోజు లేచి కూర్చుంటుంది.

తరవాత పాత సామాన్ల సంత. కూరగాయల మార్కెట్ పక్కన శనివారాల్లోనే పెడతారు. మా ఖేడ్ అంగడిలాగే నేల మీద దుప్పట్లు పరిచి ఇనుము, ఇత్తడి, చినిగిన కోట్లు, ఎవరి తాతవో ఫోటోలు కుప్పపోస్తారు. ఒకతని దగ్గర కాఫీ గింజలు విసిరే చిన్న చెక్క మర ఉంటుంది. దాని పిడి తిప్పి, వాసన చూసి, మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. ప్రతి వారం అదే పని. ఎందుకంటే ఏం చెప్పను, నా ఇష్టం.

ఆఖరుకు కాలువ గట్టు. డాన్యూబ్ నుంచి చీలి ఊరి మధ్యలోంచి పోయే కాలువ అది. గట్టు గోడల నిండా రంగుల బొమ్మలు. అక్కడ బూట్లు విప్పి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, గట్టిగా నోరు తెరిచి మా అత్తమ్మను తిడతాను.

నవ్వకండి. ఆ ఊళ్ళో నా భాష ఎవరికీ రాదు. పక్కన సైకిళ్ళ మీద పోయేవాళ్ళు నేనేదో ప్రార్థన చేసుకుంటున్నాననుకుంటారు. నేను "నీ బొందవెట్ట అత్తా" అని మొదలుపెట్టి, వారమంతా కడుపులో కుక్కుకున్నదంతా కక్కేసి లేస్తాను. మూడేళ్ళ పిల్లను ఆమె దగ్గర వదిలి పోయాను. అప్పులకు హైదరాబాద్‌లో డేవిడ్ డ్రైవింగ్ జీతం చాలకనే పోయాను. ఆ మాట ఆమెకూ తెలుసు. అయినా చర్చి వాకిట్లో నిలబడి "పిల్లను పారేసి దేశాలు తిరుగవొయింది" అని ఊరందరికీ చెప్పింది. తిట్టనా మరి?

పోయినసారి ఖేడ్ వెళ్ళింది పిల్లను తెచ్చుకోవడానికే. ఎస్తేర్‌కు ఆరేళ్ళు నిండాయి. వీసా వచ్చింది. ఇంట్లో అడుగుపెట్టగానే పిల్ల వెళ్ళి నాయనమ్మ కొంగులో దూరింది. నా కడుపు మండిపోయింది. అత్తమ్మ వరండాలో కందులు ఏరుతోంది. "పిల్లను తీసుకపోతున్న" అన్నాను. తల ఎత్తలేదు.

"ఏడికి తీస్కపోతవే? గా కాలువ గడ్డకా? చెప్పులిడిసి కాళ్ళూపుకుంట నన్ను బొందవెట్టే కాడికా?"

ఏదో గుడ్డిగా అన్నదిలే అనుకున్నాను. చేట చెరుగుతూనే ఉంది, చెబుతూనే ఉంది.

"గా పెద్ద చక్రం ఎనుక చేటంత రొట్టె తింటవ్. గా లావు ముసల్ది ఎల్లిపాయ నీళ్ళు కుంచెతోటి పూస్తది. సగం తిని సగం కాగితంల సుట్టుకుంటవ్. అంగడిల చెక్క డబ్బ పిడి తిప్పి, కుక్క లెక్క వాసన జూసి ఆడనే పెడ్తవ్. వాడు నిన్ను జూసి పండ్లు కొరుకుతుండు. సిగ్గు లేదు నీకు."

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. డేవిడ్ ఎవరితోనో నా మీద నిఘా పెట్టించాడనుకుని హైదరాబాద్‌కు ఫోన్ చేసి కడిగేశాను. పాపం, ఆయనకు లాంగోష్ అంటే ఏందో తెలియదు. అత్తమ్మది బటన్ ఫోను. టీవీలో ప్రార్థనలు తప్ప చూడదు. పోనీ ఏదో వీడియోలో ఆ సంత చూసిందే అనుకుందాం. నేను మర వాసన చూడటం ఎవడు వీడియో తీశాడు?

పక్కింటి సుశీలను అడిగితే ఇంకో సంగతి బయటపడింది.

"శనివారం శనివారం మీ అత్తకు గట్లనే అయితది వదినా. మధ్యాహ్నం గింజలేరుకుంట ఏరుకుంట ఆగిపోతది. కండ్లు తెరిసే ఉంటయ్, పిలిస్తె పలకది. పరేషానై దవాఖానకు తీస్కపోయినం, ఏం లేదన్నరు. లేసినంక కాళ్ళు గుంజుతున్నయని ఏడి నీళ్ళు పెట్టుమంటది."

అలా కాసేపు మనిషి ఆగిపోయే జబ్బులు ఉంటాయి, నేను నర్సును, నాకు తెలుసు. బీపీ, షుగర్ నేనే చూశాను. బాగానే ఉన్నాయి. కానీ ఏ జబ్బూ మనిషికి వియన్నా చూపించదు కదా. అక్కడ పొద్దున అయితే ఇక్కడ మధ్యాహ్నం. ఆ లెక్క తట్టిన రాత్రి మాత్రం లైటు ఆర్పకుండా పడుకున్నాను.

మరునాడు ఆమె చేటలో గింజలేరుతుంటే ఎదురుగా కూర్చుని అడిగేశాను. ఎట్ల తెలుసు నీకు, అని. ఆమె నా మీద విరుచుకుపడింది.

"నాకేమన్న సోకా? నువ్వే గదనే పిలుస్తవ్! గా చక్రం కాడికెల్లే నోట్లె నోట్లె మొదలువెట్టి, అత్తా అత్తా అని పిలిసి మరీ తిడ్తవ్. గింజలేరుకునేదాన్ని గుంజుకపోతవ్. ఆడ సలి. నా కాళ్ళకు చెప్పులు సుత ఉండయ్. నువ్వు బూట్లేస్కొని టకటక ముంగట నడుస్తవ్. ముసల్ది ఎనుక వస్తుందా, వడ్డదా అని ఒక్కపారన్న మళ్ళి జూస్తవా?"

"అయితే రాకు!" అని అరిచాను.

"నువ్వు పిలువకు!"

"పిలువను. పిల్లను తీసుకపోతా, నీ పేరు నా నోట్ల రానియ్య. సరేనా?"

చేటలో ఆమె చెయ్యి ఆగింది. అప్పటిదాకా నా ముఖం చూడని మనిషి అప్పుడు చూసింది.

"పిల్లను తీస్కపో," అంది. "తిట్టుడు మాత్రం బంద్ చెయ్యకు. నువ్వు తిట్టకుంటె పిల్లను నాకెవలు జూపిస్తరే?"

నేను లేచి పోయి పిల్ల బట్టలు సర్దాను. ఆ వారమే పిల్లను తీసుకుని వచ్చేశాను.

వియన్నాలో నోరు కుట్టుకున్నాను. పగతోనే. నా మూడు చోట్లు నాకు తిరిగి దక్కాయి, ఇంకేం కావాలి? ఎస్తేర్‌కు లాంగోష్ తినిపించాను, సంత చూపించాను, కాలువ దగ్గర మౌనంగా కూర్చున్నాను. అత్తమ్మ ఫోన్‌లో నాతో మాట్లాడేది కాదు. పిల్లను మాత్రం అడిగేది, "మీ అమ్మ మంచిగున్నదా? దానికి కోపమొస్తలేదా?" అని. పక్కనుంచి విని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. బాగా అయింది అనుకునేదాన్ని.

చలి మొదలైన ఒక శనివారం ఎస్తేర్ కాలువ గట్టు మీద కోటు విప్పి పారేసింది. తొడుక్కోమంటే "నాయనమ్మ అయితే తిట్టది. నువ్వు మంచిదానివి కాదు" అంది. నాకు ఒళ్ళు తెలియలేదు. "నీ నోట్ల మన్నువడ అత్తా, పిల్లకు గిదేనా నువ్వు నేర్పింది!" అని గట్టిగా అరిచేశాను. ఏమీ జరగలేదు. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు.

గదికి చేరేసరికి ఫోను మోగింది. ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"పిల్లకు గా పల్చటి అంగీ ఏందే? ముక్కు కారుతున్నది, కనవడ్తలేదా? నర్సువట, నర్సువు!" అని పెట్టేసింది. ఎస్తేర్ ముక్కు నిజంగానే కారుతోంది.

ఇది ఎలా జరుగుతోందో నాకు తెలియదు. చదివిన చదువులో జవాబు లేదు, చర్చిలో అడిగే ధైర్యం లేదు. ఆమె మీద నా కోపమూ పోలేదు, పోతుందని కూడా అనుకోను.

మొన్న శనివారం పిల్లకు స్వెటర్ తొడిగి, టోపీ పెట్టి కాలువ దగ్గరికి తీసుకుపోయాను. నా వెనక నిలబడ్డవాళ్ళకు ముఖం బాగా కనపడేటట్టు ఎదురుగా నిలబెట్టాను. అప్పుడు, నీ బొందవెట్ట అత్తా, అని మొదలుపెట్టాను.