మిరప చేలో ప్రార్థన

మొన్న వేసవి సెలవుల బైబిలు బడిలో మా సంఘపు చిన్నపిల్లలంతా వరుసగా కూర్చుని, టీచరమ్మ చెప్పగానే రెండు అరచేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థనకు సిద్ధపడ్డారు. ఎంతో ముచ్చటైన ఆ దృశ్యం చూడలేక నేను లేచి వరండాలోకి వచ్చేశాను. ఆ రోజుల్లో సంఘం తరఫున సేవకు తిరిగిన నా ఈడువాళ్ళకు, ఎందుకో చెబితే అర్థమవుతుంది.

తొంభైలు ముగుస్తున్న రోజులవి. మిరప కోతల కాలం వస్తే కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో లారీలెక్కి మా గుంటూరు జిల్లాకు వచ్చి, చిలకలూరిపేట దాటాక చేల పక్కనే పాత గోతాలతో గుడిసెలు వేసుకుని, కోత అయ్యేదాకా అక్కడే బతికేవారు. మా పాస్టరమ్మగారితో మేం కొందరం ఆడవాళ్ళం వ్యానులో అన్నం, బట్టలు పెట్టుకుని ఆ పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. పాటలు నేర్పాలని మాకెంత ఆశగా ఉన్నా, వాళ్ళ చూపంతా అన్నం గిన్నె మీదే ఉండేది. ఆ ఆకలి చూశాక పాట పక్కన పెట్టి ముందు అన్నమే వడ్డించేవాళ్ళం.

వాళ్ళలో తొమ్మిది పదేళ్ళ పిల్ల ఒకతె, తండ్రి లేనిది, తల్లి పక్కనే సాలు పట్టి కాయలు కోసేది. ఆ ఘాటుకి పిల్ల దగ్గి దగ్గి సోలిపోతోందని, మీ సంఘం నడిపే హాస్టల్లో చేర్చుకుని బతికించమని తల్లే మమ్మల్ని బతిమాలింది. కోత ముగిసి గుంపు కదిలితే ఎక్కడికి పోయేదీ వాళ్ళకే తెలియదు కాబట్టి, తీసుకెళ్తే ఆ రోజే తీసుకెళ్ళాలి. కూలీల ముఠాను వెంటబెట్టుకొచ్చిన మేస్త్రికి అది నచ్చలేదు.

"పిల్లల్ని మీరు తోలుకపోతే, మీ యేసయ్య వచ్చి కాయలు కోస్తాడా అమ్మా?" అన్నాడు అందరూ వినేలా.

"పిలిచి చూడవయ్యా, వస్తాడు. నీలాగా చుట్ట కాలుస్తూ గట్టు మీద మాత్రం కూర్చోడు" అన్నారు పాస్టరమ్మగారు. ఆడకూలీలు గొల్లున నవ్వారు. మేస్త్రికీ నవ్వొచ్చి, సరే పోనిమ్మన్నాడు.

బయల్దేరే ముందు ప్రార్థన చేయకుండా మేం ఎన్నడూ కదిలేవాళ్ళం కాము. పిల్లలంతా సాళ్ళలోంచి అట్లాగే వచ్చి కూర్చున్నారు. ట్రాక్టరు మీద తెచ్చిన డ్రమ్ము నీళ్ళు తాగడానికే చాలవు, చేతులు కడుక్కున్నవాళ్ళు లేరు. మన సండేస్కూలు అలవాటు ప్రకారం పాస్టరమ్మగారు, చేతులతో కళ్ళు మూసుకోండర్రా అన్నారు. కోత చేతులు కంటికి తగలనివ్వకూడదని ఆ పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు, అందుకే కొందరు తటపటాయించారు. ఈ పిల్ల మాత్రం, చెప్పిన మాట వినకపోతే ఎక్కడ వదిలేసి పోతామో అన్నట్టు, అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా అరచేతులు కళ్ళకు నొక్కుకుంది.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తాగే నీళ్ళన్నీ ఆ కళ్ళలోనే పోశాం, మంట చల్లారలేదు. తల్లి పరుగున వచ్చి, వాచిపోయిన ఆ ముఖాన్ని ఒళ్ళో పెట్టుకుని, "నా కండ్ల ముందరే ఇట్ల జేస్తిరి, కనపడని చోట నా బిడ్డను ఏం జూస్తారు మేడమ్మా?" అంది. కళ్ళు తెరవలేని ఆ పిల్ల గాలిలో చేతులు చాచి తడుముకుంటూ, "ఏడ్చనులేమ్మా, పోతాను, నన్ను పంపు" అని ఏడ్చింది. పాస్టరమ్మగారు ఆ మట్టిలోనే తల్లి ముందు మోకరించి ప్రాధేయపడ్డారు. తల్లి పిల్లను ఎత్తుకుని గుడిసెలోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ మేం వెళ్ళేసరికి అక్కడ పొయ్యి రాళ్ళు తప్ప ఏమీ లేవు. వినుకొండ వైపు, మార్కాపురం వైపు కనిపించిన ప్రతి ముఠానూ అడిగాం, ఆ తల్లీబిడ్డల జాడ దొరకలేదు.

ఇప్పుడు ఆ దారి పొడవునా కోల్డ్ స్టోరేజీలు లేచాయి, కోతకొచ్చే ప్రతి ఇంటివాళ్ళ దగ్గరా ఫోను ఉంది, మన బైబిలు బళ్ళలో పిల్లలు తెర మీద బొమ్మలు చూస్తూ పాడుతున్నారు. ఆ రోజు ఆ పిల్ల, మంట తగిలే ముందు ఉన్న ఆ కాస్త వ్యవధిలో, మాతో పంపమనే ప్రభువును అడిగి ఉంటుంది. నా ప్రార్థనలు ఆయన ఎన్నో విన్నాడు, ఎన్నో ఇచ్చాడు. వాటిలో ఏదైనా వెనక్కి తీసుకుని, ఆ ఒక్కటీ విని ఉండవలసిందని ఈ వయసులో కూడా ఆయనతో పోరాడుతూనే ఉన్నాను.