చిన్న డబ్బా బోల్టుకు పసుపూ కుంకుమా

"చిన్న డబ్బల నూనె మార్చిన్రా?"

"మార్చిన్రు. నల్లగైందట, మొత్తం తీసేసి కొత్తది పోసిన్రు. నువ్వు పండుకో."

మా ఇద్దరి మధ్య చివరగా నడిచిన మాటలు ఇవి. తర్వాత ఆయన పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. పక్కింటామె మొగుడు పోయేముందు బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పి పోయాడట. మా వదిన మొగుడు పిల్లలందరి చేతులూ పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడట. నా మొగుడు మాత్రం, ఎప్పుడో తుక్కులోకి పోయిన ఒక బండి పొట్ట కింది డబ్బాలో నూనె మార్చారా లేదా అని అడిగి పోయాడు. లేని బండికి నూనె మార్చారని నేనూ తడుముకోకుండా చెప్పాను. అన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం నేర్చుకున్నాను.

ఆ రోజుల్లో షోలాపూర్ దాజీ పేట్‌లో మా అందరికంటే వైభోగంగా బతికినవి సాంచాలే. సాంచా అంటే కరెంటు మగ్గం. పొద్దున్నే దానికి నూనె పెట్టాకే మాకు చాయ్, దాని చప్పుడు ఆగితేనే మాకు నిద్ర. మేముండే గదీ, అత్తా నేనూ కూర్చుని బీడీలు చుట్టే అరుగూ సాంచాల యజమాని సేఠ్ కార్ఖానా గోడకు ఆనుకునే ఉండేవి. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను అరిచి మాట్లాడుతుంటే "ఈ పిల్ల గొంతేంది, ఇట్ల చీరుకపోయింది" అని అత్త దెప్పేది. సాంచాల మీద గెలిచి మాట్లాడాలంటే గొంతు చీరుకుపోక ఏమవుతుంది? ఆ గొంతే ఇప్పటికీ మిగిలింది. (ఇది రాస్తున్న మా చెల్లెలి బిడ్డ ఒక చెవి మూసుకునే రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోగలను. అంతకు మించి చదువు లేదు.)

మా ఆయనా సాంచా మీదే పనిచేసేవాడు. తాతల నాటి నుంచి వచ్చిన పని. అలాంటిది, సేఠ్ ముంబై వెళ్లి ఒక పెద్ద విదేశీ బండి కొనుక్కొచ్చాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. లోపల మెత్తని తోలు సీట్లు, చల్లగాలి. నాలాంటి పొట్టిది ఎక్కాలంటే పీట వేయాలి. కార్ఖానాలో ఏ సాంచా మొరాయించినా సరిచేసేది మా ఆయనే, పైగా లైసెన్సు కూడా ఉంది కాబట్టి సేఠ్ ఆయనను బండి మీద పెట్టాడు. ఒక షరతు మీద. "బఘ్, చూడు, నడితోవల బండి ఆగిందనుకో, నువ్వు మళ్ల సాంచా కాడికే." ఆయన సంతోషం ఆయనది, నా గర్వం నాది. అత్తకే అది మింగుడు పడలేదు. "మీ తాత నేసిండు, మీ నాయన నేసిండు, నువ్వు హారన్ కొట్టుకుంట తిరుగు" అని, ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం మానేసింది. అన్నం తిన్నాడా లేదా అన్నది కూడా నా ద్వారానే అడిగించేది. ఆయన అరుగు మీద ఆమె పక్కనే కూర్చుని, "తిన్ననని చెప్పు" అని నాతో అనేవాడు. ఇద్దరి మధ్యా నేను టపా మోసేదాన్ని.

ఇక ఆ చిన్న డబ్బా సంగతి. ఆ బండికి గేరు పెట్టె వెనక ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. మెకానిక్కులు ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు, మా ఆయన చిన్న డబ్బా అనేవాడు. ఇంజను నూనె వేరు, గేరు నూనె వేరు, దీని నూనె వేరు. "ఇంజను నూనె అందరు చూస్తరే పిల్లా, దీన్ని ఎవ్వరు చూడరు. ఇది అడుగది. నూనె పాడైనా ఊకెనే తిరుగుతది. ఒక్కనాడు అరుస్తది, ఇగ ఆనాటికి అరిగిపోయినట్టే. అది అడుగకముందే మనం మార్చాలె" అని అన్నం తింటూ చెప్పేవాడు. దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి మార్చాలని ఆయన పెట్టుకున్న నియమం. తీసిన నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టి "కాలిన వాసన ఉన్నదా, చెప్పు" అనేవాడు. కొత్త పెళ్లాం ముక్కు దగ్గర మొగుళ్లు మల్లెపూలు పెడతారని నేను విన్నదే తప్ప చూసింది లేదు.

ఆ బండి వచ్చాక మొదటి దసరా. దసరాకు ముందు రోజు ఖండే నవమి. ఆ రోజు సాంచాలు ఆగుతాయి. ఎవరి పనిముట్లు వాళ్లు కడిగి అమ్మవారి ముందు పెట్టి పూజ చేస్తాం. ఒకసారి పెట్టాక మరునాడు హారతి అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు, కదపకూడదు. మా ఇంట్లో ఎప్పుడూ నడుమ ఉండేది ధోటా, అంటే మగ్గంలో నూలు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే గట్టి కర్ర. ఆ ఏడు అత్త ఆ నడిమి చోటును ఖాళీగా వదిలి నా వైపు చూసింది. "నా కొడుకుది ఏం పెడుతవో నువ్వే పెట్టు. హారన్ పెడుతవా?"

నాకు రోషం పొడుచుకొచ్చింది. (అప్పట్లో నాకు తెలియనిది లోకంలో లేదనుకునేదాన్ని.) కార్ఖానా వాకిట్లోకి వెళ్లాను. చప్పుడు లేని రోజు కదా అని ఆయన పొద్దున్నే బండిని చదును నేల మీద నిలబెట్టి, చిన్న డబ్బా అడుగు బోల్టు విప్పి, కింద గమేలా అనే ఇనుప తట్ట పెట్టి, పాత నూనె బొట్టు బొట్టుగా కారిపోనీ అని వదిలి, కొత్త నూనె తేవడానికి అశోక్ చౌక్ వెళ్లాడు. బోల్టు పేపరు మీద ఉంది. బరువుగా, గుండ్రంగా, పూజ కోసమే పుట్టినట్టుంది. దాని మొన మీద మాత్రం కాటుకలాంటి నల్లటి పొడి. తుడిస్తే వేలికి అంటుతుంది, వేలు దగ్గరికి తెస్తే మళ్లీ బోల్టుకే పోతుంది. ఇంత మొండి మురికి నేను పుట్టి ఎరగనని చింతపండూ బూడిదా పెట్టి, నా మొహం అందులో కనిపించేదాకా తోమాను. పసుపు రాసి, కుంకుమ పెట్టి, తమలపాకు మీద కూర్చోబెట్టి, పక్కన నా పనిముట్టు పెట్టబోయాను. బీడీ ఆకును కొలత ప్రకారం కత్తిరించడానికి ఆకు మీద పెట్టుకునే పల్చటి ఇనుప రేకు అది.

పెట్టబోయానంతే. రేకు నా చేతిలోంచి జారి, తమలపాకు మీద పాకుతూ వెళ్లి, టక్కున బోల్టును కరుచుకుంది.

విడదీసి దూరంగా పెట్టాను. అక్కడి నుంచి కొంచెం దగ్గరికి జరిపితే మళ్లీ టక్. అత్త చూసింది. "ఇంకోపారి పెట్టు" అంది. పెట్టాను. టక్. అత్త కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మొగని పని, పెండ్లాం పని ఒక్కటి చేసింది తల్లి. నా కొడుకు బండి పనికి ఒప్పుకున్నది" అని బోల్టు ముందు సాగిలపడింది. గడియలో గల్లీ ఆడవాళ్లంతా మా గదిలో ఉన్నారు. పక్కింటి అక్క తన కత్తెర తెచ్చి దగ్గర పెట్టింది, అది కూడా అంటుకుంది. ఎదురింటామె ఇత్తడి చెంబు తెచ్చింది, అది అంటుకోలేదు. "నువ్వు మనసుల ఏదో పెట్టుకున్నవు వదినా, అందుకే" అని అత్త తేల్చింది. పాపం ఆమె మొహం చిన్నబోయింది. నేను మాత్రం మధ్యాహ్నానికల్లా బొట్టు పెద్దది చేసుకుని, జుట్టు వదులు చేసుకుని, వచ్చినవాళ్లకు కుంకుమ పంచుతున్నాను. ఎవరో కాళ్లకు దండం పెడితే వద్దని కూడా అనలేదు.

అప్పుడు మా ఆయన నూనె డబ్బాతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బోల్టును చూశాడు, కుంకుమను చూశాడు, నన్ను చూశాడు. ఏదో అనబోయేలోగా అత్త లేచి ఎదురెళ్లింది.

"రా బిడ్డా. తిన్నవా?"

అన్ని నెలల తర్వాత నేరుగా అడిగిన మాట. ఆయన తిన్నానన్నట్టు తల ఊపి, నన్ను కళ్లతోనే పిలిచి, కార్ఖానా వాకిట్లో బండి వెనక్కి తీసుకుపోయాడు.

"అది అయస్కాంతమే పిల్లా. లోపల గేరు చక్రాల పండ్లు అరిగి ఇనుప పొడి రాలుతది. దాన్ని పట్టుకునేటందుకు బోల్టు మొనకే పెడుతరు."

"మరి ఎదురింటామె చెంబు?"

"ఇత్తడికి అంటదు."

నేను చేతిలోని కుంకుమ భరిణె వైపు చూసుకున్నాను. "అయితే నేను పోయి అత్తకు చెప్పొస్త. బోల్టు తెస్త."

"ఆగు" అన్నాడు. చేతిలోని నూనె డబ్బా బండి కింద పెట్టాడు. "అమ్మ ఏమన్నది ఇన్నవా? నన్ను తిన్నవా అన్నది. ఆ బోల్టు నేను ముట్ట."

సరిగ్గా అప్పుడే సేఠ్ వాకిట్లోకి వచ్చాడు. "చల్ రా, బండి తియ్యి. ఆజీ తయారైంది. తుల్జాపూర్‌ల రేపు పొద్దుగాల అమ్మవారి దసరా దర్శనం చేసుకోవాలంటున్నది. నీ పెండ్లాన్ని గూడ రమ్మను, మెట్ల కాడ ఆజీ చెయ్యి పట్టుకుంటది" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆజీ అంటే సేఠ్ తల్లి. కార్ఖానాలో ఎవరి మాటా వినని సేఠ్ ఆమె దగ్గితే లేచి నిలబడేవాడు.

అలాంటి విదేశీ బోల్టు షోలాపూర్‌లో ఏ దుకాణంలోనూ దొరకదు. బండి కదలకపోతే పని పోతుంది, బోల్టు తీస్తే తల్లి పోతుంది. మా ఆయన తుక్కు మూలకు పోయి వెతికాడు. పూజలో పెట్టని ధోటా అక్కడ ఒకటి దొరికింది, విరిగిపోయి పారేసినది. దాన్ని కత్తితో చెక్కి, మొన చేసి, చుట్టూ నూలు గట్టిగా చుట్టి, సబ్బు పట్టించి, అడుగు రంధ్రంలో సుత్తితో దిగగొట్టాడు. పై రంధ్రంలోంచి కొత్త నూనె వేలికి తగిలేదాకా పోసి పై బోల్టు బిగించాడు. (అది ఆయన జేబులో ఉంది. బయట ఉంటే దానికీ బొట్టు పెట్టి ఉండేదాన్ని.)

అలా బయలుదేరాం, సేఠ్ ముందు సీట్లో. జన్మలో మొదటిసారి తోలు సీటు మీద కూర్చున్నాను, ఆజీ పక్కన. ఆ సుఖం నాకు ఏమాత్రం తెలియలేదు. నా ప్రాణమంతా అరికాళ్ల కిందే ఉంది. కొంత దూరం పోగానే ఆయన బండి ఆపి, దిగి, నేల మీద బోర్లా పడుకుని కిందికి చూసి లేచాడు. ఇంకొంత దూరం పోయాక మళ్లీ ఆపి మళ్లీ పడుకున్నాడు. ఆజీ కిటికీలోంచి చూసి చేతులు జోడించింది. "ఏం భక్తి వీనిది. ఆగినకాడల్ల అమ్మవారికి సాష్టాంగం పెడుతున్నడు."

"ఔను ఆజీ. మొదటికెల్లి అంతే" అన్నాను. అప్పటికే దైవకార్యాల్లో చేయి తిరిగినదాన్ని కదా.

ఘాట్ రోడ్డు ఎక్కేముందు మళ్లీ ఆపాడు. ఈసారి ఆజీ ముందు సీటు వైపు తిరిగింది. "డ్రైవర్ మట్టిల పండుకోని మొక్కుతుంటె నువ్వు సీట్ల కూసుంటవా? దిగు. నువ్వు గూడ మొక్కు." సేఠ్ తెల్లటి బట్టల్లో ఉన్నాడు. "ఆయీ, గుడి కాడ మొక్కుత గద" అన్నాడు. ఆజీ చిన్నగా దగ్గింది. సేఠ్ దిగి, రోడ్డు పక్కన మా ఆయన పక్కనే బోర్లా పడుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. పడుకున్న మనిషి తల తిప్పితే కనిపించేది బండి పొట్టే. ఇక దాజీ పేట్‌లో మా ఆయన మళ్లీ సాంచా ముందు నిలబడటం నా కళ్ల ముందు కట్టినట్టు కనిపించింది. అక్కడ కింద ఏం జరిగిందో ఆయన తర్వాత చెప్పగా విన్నాను.

"ఏంరా అది?"

"ధోటా, సేఠ్."

"ధోటానా? బండికా?"

"అసలు బోల్టు మా అమ్మ పూజల ఉన్నది. రేపు హారతిదాక ముట్టనియ్యది."

సేఠ్ మెడ సాచి డబ్బా అడుగు చూశాడట. "కారుతున్నదా?"

"తడి గూడ లేదు. పగలు రాత్రి మీ సాంచాల ఉరికే కర్రనే, సేఠ్. ఇక్కడ కదలకుంట కూసునుడే గద."

సేఠ్ లేవబోయి ఆగాడట. "నా తల్లి చూస్తున్నదా?"

"చూస్తున్నది."

"అయితే ఇంకింత సేపు పండుకో. తొందరగ లేస్తె మళ్ల మొక్కుమంటది."

ఇద్దరూ లేచి మట్టి దులుపుకున్నారు. ఆ తర్వాత తుల్జాపూర్ చేరేదాకా బండి ఎక్కడ ఆగినా, ఎవరూ చెప్పకుండానే సేఠ్ ముందు దిగి పడుకునేవాడు. ఆజీ ఆనందానికి అంతు లేదు. తన కొడుకు దారిలో పడ్డాడని దర్శనంలో నా చెయ్యి పిసికి పిసికి చెప్పింది. ఆ ధోటా ముక్క పోతూ వస్తూ చుక్క నూనె కూడా కారనివ్వలేదు.

తిరిగొచ్చేసరికి అత్త హారతి పూర్తిచేసి, బోల్టును కొబ్బరి ముక్కతో కలిపి కొడుకు దోసిట్లో పెట్టింది. సేఠ్ షరతు మాట మళ్లీ ఎత్తలేదు. ముంబై నుంచి ఇంకో బోల్టు తెప్పించాడు, పూజకు ఒకటి, బండికి ఒకటి. బోల్టు మహిమ ఆజీ చెవిన కూడా పడింది. ఖండే నవమి వస్తే చాలు, "డబ్బకు నూనె పోసిన్రా?" అని ఆజీ ముందే కబురు పంపేది. ఉగాదికీ అంతే. ఎన్ని పనులున్నా ఆ రెండు రోజులూ బండి వాకిలి దాటేది కాదు. షోలాపూర్ బండ్ల డబ్బాలు ఎన్నో అరిచాయి, విరిగాయి. భయానికో భక్తికో వేళ తప్పకుండా నూనె పడిన మా డబ్బా మాత్రం ఒక్కనాడూ గొంతెత్తలేదు. బండి రేకులు తుప్పు పట్టి తుక్కుకు పోయే రోజున కూడా అది మెత్తగా తిరుగుతోందని మెకానిక్ చెబితే, మా ఆయన మూడు పూటలు ఆ మాటే చెప్పుకున్నాడు.

అయస్కాంతం సంగతి అత్తకు మేం చెప్పలేదు. ఎదురింటామెకు మాత్రం చెప్పాను. లేకపోతే ఆమె ఏడాదంతా తన మనసులో ఏముందో వెతుక్కుంటూ కూర్చునేది. బీడీ కార్మికులకు కట్టించిన విడీ ఘర్కుల్‌లో నా ఇంటి గడప మీద కూర్చుని ఇప్పుడు ఆ పొద్దును తలుచుకుంటే, చింతపండుతో ఇనుప పొడిని తోముతున్న ఆ పొట్టి పిల్ల కనిపిస్తుంది. ఎంత నమ్మకంగా తోముతోందో. ఎవరైనా పక్కన నిలబడి అది మురికి కాదే అని చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పకపోవడమే మంచిదైందని కూడా అన్నిసార్లే అనుకున్నాను.

రాసుడు అయిందా బిడ్డా? అయితే మొదటికెల్లి ఒక్కపారి చదివి ఇనిపియ్యి. నా మాటలు నువ్వు ఎట్లన్న చదువు. ఆయన మాటలొచ్చిన కాడ జర మెల్లగ చదువు. ఆయనది నా లెక్క చీరుకపోయిన గొంతు కాదు.