రాయల్పాడు గేటు దగ్గర మా నాయన టోకెను

గవర్నరు రాయల్పాడు దగ్గర మిలిటరీని దించాడన్న వార్త మా ఇంటికి పాలతో పాటు వచ్చింది. లాక్‌డౌన్ రోజులవి. కర్ణాటకకూ ఆంధ్రకూ మధ్య రోడ్లన్నీ మూసేశారు. రాయల్పాడుకు అవతల, ఆంధ్ర పక్క ఊళ్లో మా అక్క ఉంది. నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని ఇటు కేజీఎఫ్‌లో మా అమ్మ పాత చీరలన్నీ ఉతికి మెత్తగా బొంతలు కుట్టుకుంటోంది. పాలాయన మాట వినగానే సూదీ దారం పక్కన పెట్టి ప్రార్థనకు కూర్చుంది.

మా నాయన ఇక్కడి బంగారు గని మూతపడేదాకా భూమి కింద పనిచేసిన మనిషి. ఆయనకు లోకంలో ఏదైనా గని లెక్కలోనే అర్థమవుతుంది. "గవర్నరంటే రాష్ట్రానికి సూపరిండెంటు గదమ్మా," అన్నాడు నాతో. "సూపరిండెంటు చెప్తే గనిలోకి దిగే షాఫ్టే మూసేస్తారు. మిల్ట్రీ రాదా?"

నాకు ఒళ్లు మండింది. కాలేజీలో పిల్లలకు రాజ్యాంగం చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని, నా ఇంట్లోనే ఈ మాటా! టిఫిను పళ్లేల ముందు నుంచి లేవనివ్వకుండా ఇద్దరికీ పాఠం చెప్పాను. సైన్యం కేంద్రం చేతిలో ఉంటుంది. గవర్నరు తనంతట తాను ఒక్క జవానును కూడా కదిలించలేడు, ఆయన నడిచేదే మంత్రుల సలహా మీద. బలగాలు కావాలంటే రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి. అయినా సైన్యానికి దేశపు సరిహద్దులు లేవా, మామిడి తోపుల్లో రెండు రాష్ట్రాలు కలిసే చోట దానికేం పని? అక్కడ ఉంటే గింటే పోలీసులుంటారు, వాళ్లతో మాట్లాడుకోవచ్చు.

అమ్మ అంతా విని, కాల్చరు కదా అని ఒక్కటే అడిగింది. కాల్చరన్నాను. అట్లయితే ఇంకా కూర్చున్నారేం, పోయి పిల్లను తీసుకురండి అంది. ఇన్నేళ్ల సర్వీసులో నా పాఠానికి అంత త్వరగా ఫలితం రావడం అదే మొదటిసారి.

పక్కింటివాళ్ల వ్యాను అడిగి తీసుకున్నాం. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ అద్దానికి అంటించి నేనే నడిపాను. అక్కను రాయల్పాడు చెక్‌పోస్టు గేటు దగ్గరికి తెచ్చి ఉంచమని బావకు ఫోను చేశాం. మిల్ట్రీ కనబడితే బండి ఎట్లా ఆపాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాయన దారి పొడవునా నాకు నేర్పుతూనే ఉన్నాడు. నా పాఠం ఆయనకు ఒక చెవిలో దూరి ఇంకో చెవిలోంచి పోయినట్టుంది. శ్రీనివాసపురం దాటాక అన్నీ మామిడి తోపులే. కోసేవాళ్లు లేక కాయల బరువుకు కొమ్మలు వంగిపోయి ఉన్నాయి.

గేటు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా బ్రేకు తొక్కాను. రోడ్డుకు అడ్డంగా నరికి వేసిన కొమ్మలు, వాటి వెనక ఆకుపచ్చ మచ్చల యూనిఫారంలో ఒక మనిషి. నాయన నా వైపు చూశాడు. తన మాటే నెగ్గిందన్న సంతోషమూ భయమూ రెండూ ఉన్నాయి ఆ చూపులో.

తీరా అడిగితే ఆయన ఆ ఊరాయనే. సెలవు మీద వచ్చి, రైళ్లు ఆగిపోయి ఇంట్లో చిక్కుకుపోయిన జవాను. తోచక రోజూ వచ్చి అక్కడ కూర్చుంటున్నాడట. మరి ఈ బట్టలేమిటంటే, మిగతావన్నీ ఉతికి ఆరేశారట. గవర్నరు దించిన మిలిటరీ మొత్తం అంతే. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాను.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. గేటుకు అవతల అక్క చేతిసంచి పట్టుకుని బావ పక్కన నిలబడి ఉంది. హెడ్డు కానిస్టేబులు మంచివాడు, చీటీ చదివి పంపిస్తానన్నాడు. కానీ కొమ్మలు అడ్డం వేసిన ఊరివాళ్లు ఒప్పుకోలేదు. ఇటుపక్క ఒక్క మనిషి కూడా పెరగకూడదని వాళ్ల పట్టు. ఈమెను వదిలితే రేపు ప్రతివాడూ తన చుట్టాన్ని తెస్తానంటాడని. హెడ్డు బతిమాలాడు, నేను గొంతు పెంచాను, జవాను కూడా చెప్పి చూశాడు. ఎండలో నిలబడలేక అక్క నడుం పట్టుకుని నేల మీద కూలబడింది.

అప్పుడు నాయన తాళాల గుత్తి తీసి దానికున్న ఇత్తడి టోకెను విప్పాడు. గనిలో దిగేవాడు తన నంబరున్న టోకెను పైన ఇచ్చి దిగాలి, ఎక్కి వచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద టోకెను వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని. గని మూసేసినా నాయన దాన్ని వదల్లేదు.

టోకెను హెడ్డు చేతిలో పెట్టి, ఊరివాళ్లకు వినబడేట్టు చెప్పాడు. "నా బిడ్డ ఈ పక్కకు వస్తాది. నేను ఆ పక్కకు పోతాను. మీ లెక్కలో మనిషి పెరగడు, తగ్గడు. గేటు తెరిచినంక వచ్చి ఇది తీసుకుంటాను."

ముందు జవాను నవ్వాడు. తర్వాత ఊరివాళ్లూ నవ్వారు. నవ్వేశాక ఇంకేం కొట్లాడతారు, వాళ్లే కొమ్మలు పక్కకు లాగారు. నాయన ఎదురు వెళ్లి అక్కను లేపి, తల నిమిరి, సంచి నా చేతికిచ్చి బావ బండి ఎక్కాడు. మార్చుకోవడానికి చొక్కా కూడా లేదు ఆయన దగ్గర.

ఇంటికొచ్చాక అమ్మ అక్కను గుండెకు హత్తుకుంది, ఆ తర్వాత నా పని పట్టింది. ఒకరిని తెమ్మంటే ఇంకొకరిని వదిలేసి వస్తావా అని తిట్టింది. తొందర్లోనే అక్కకు ఆడపిల్ల పుట్టింది. నాయన రోజూ ఫోను చేసి పాప ఎవరి పోలికని అడిగేవాడు. వియ్యపురాలు మామిడిపండ్లు పెట్టి చంపుతోందనేవాడు. గవర్నరు మిల్ట్రీని కదిలించలేడని ఆ ఊళ్లో అరుగు అరుగుకూ తిరిగి చెబుతున్నాడని బావ చెప్పాడు. సగం తప్పులేనట, అయినా నా పేరే చెబుతున్నాడట.

ఒకరోజు జవాను నా ఫోనుకు ఫోటో పంపాడు. చెక్‌పోస్టు డేరాలో గుంజకు మేకు కొట్టి, హెడ్డు దానికి నాయన టోకెను తగిలించాడు. నవ్వుకుంటూ తెచ్చి అమ్మకు చూపించాను. అమ్మ నవ్వలేదు. షిఫ్టు దిగే వేళ షాఫ్టు దగ్గర నిలబడి బోర్డు చూసిన మనిషి ఆమె. ఫోను చేతిలోనే పట్టుకుని, "ఇంగా కిందనే ఉండాడు," అంది.

గేటు తెరిచిన రోజు పాపను ఎత్తుకుని అందరం వెళ్లాం. నాయన బావ చొక్కాలో, అదీ భుజాల దగ్గర జారిపోతుంటే, నడుచుకుంటూ వచ్చాడు. అమ్మ పాపను ఆయనకు అందించబోయింది. ఆయన ఆగమన్నట్టు చేయి చూపించి నేరుగా డేరాలోకి వెళ్లిపోయాడు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. అమ్మ మాత్రం పాపను అట్లాగే పట్టుకుని, డేరా వైపే చూస్తూ నిలబడింది.

నాయన టోకెను జేబులో వేసుకుంటూ బయటికి వచ్చాడు. "పైకి వచ్చేసినాను," అన్నాడు అమ్మతో. "ఇప్పుడు ఇయ్యి."